2024-25 వార్షిక నివేదిక: విశాఖపట్నంలోని మన సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ అస్సలాము అలైకుం, నమస్కారం.

ఈసారి ఒకే ఆర్థిక సంవత్సరంలో మనకు రెండు రంజాన్ పండుగలు వచ్చాయి. 2024 ఏప్రిల్ 11న ఒకటి, 2025 మార్చి 31న మరొకటి. చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు తక్కువ కాబట్టి అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. ఇఫ్తార్ ఖర్చు రెండుసార్లు రాశారేమిటని ఫోన్ చేసి అడిగిన ఇద్దరు సభ్యులకు ఇదే జవాబు. రెండో పండుగ సరిగ్గా లెక్కలు మూసే రోజునే పడింది. కోశాధికారి గారు ఒక పక్క షీర్ ఖుర్మా గిన్నె, ఇంకో పక్క రసీదుల కట్ట పెట్టుకుని కూర్చున్నారు. ఒక రసీదు మీద పాల మరక ఉంది. ఆడిటర్ గారు చూసీ చూడనట్టు వదిలేశారు, వారికి కృతజ్ఞతలు.

నోటు పుస్తకాల పంపిణీ, వేసవి చలివేంద్రం, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. చలివేంద్రం దగ్గర రోజూ కుండలు నింపిన అల్లీపురం సభ్యుడు తన పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. ఈ మూడింటి గురించి ఇంతకంటే చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు.

చెప్పవలసింది పిల్లల సినిమాల గురించి. పిల్లల చేతే లఘుచిత్రాలు తీయించాలన్న తీర్మానం గత సమావేశంలో పెట్టినప్పుడు "సినిమాలు మనకెందుకు" అన్నవారు ఉన్నారు. వారి మాట మినిట్సులో ఉంది. తీర్మానాన్ని బలపరిచిన వారి పేర్లూ ఉన్నాయి. అయితే ఆగస్టు ఆదివారాల్లో శిక్షణకు గది ఊడ్చి కుర్చీలు వేసినప్పుడు ఆ రెండు వర్గాల్లో ఎవరూ కనిపించలేదు. స్వచ్ఛందంగా పనిచేస్తామని చేతులెత్తిన పద్నాలుగు మందిలో చివరిదాకా నిలిచినవారు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇంటర్ చదివే అమ్మాయిలు.

పాఠం చెప్పింది పూర్ణా మార్కెట్ వైపు పెళ్లి వీడియోలు తీసే మన సభ్యుడు. పైసా తీసుకోలేదు, పైగా కాలరుకు పెట్టుకునే మైకులు రెండు తనవే ఇచ్చారు. పిల్లలు తమ ఫోన్లలో తీసుకువచ్చిన మొదటి షాట్లన్నిటిలో ట్యూబులైటు వెలుగు చారలు చారలుగా కొట్టుకుంటోంది. మన కరెంటు సెకనుకు యాభై సైకిళ్లు కాబట్టి షట్టరు వేగం సెకనులో యాభైవ వంతు దగ్గర పెట్టాలని, ఫోను తనంతట తాను మార్చుకోకుండా దాన్ని అక్కడే బిగించాలని ఆయన బోర్డు మీద రాసి చూపించారు. పదిహేనేళ్లుగా పెళ్లి పందిళ్లలో నేర్చుకున్నది రెండు గంటల్లో చెప్పేశారు. సెప్టెంబరు వానలకు రెండు తరగతులు పోయాయి.

ఏం తీయాలన్న దగ్గర అసలు చర్చ వచ్చింది. పెద్దలం కూర్చుని ఒక జాబితా రాసి ఇచ్చాం. అందులో మత సామరస్యం ఉంది, చదువు విలువ ఉంది, మత్తు పదార్థాల ముప్పు ఉంది. పిల్లలు మర్యాదగా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. మొదట అందరి నోటా వచ్చిన షాటు దర్గా కొండదే. పక్క పక్కనే మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా బాబా దర్గా. పాతపట్నంలో పుట్టినవారెవరైనా కెమెరా పట్టుకుంటే చూపు అటే పోతుంది. అయితే కింద ఓడరేవు, నౌకాదళం ఉన్న చోటు. ఎటు తిరిగినా ఫొటోలు తీయరాదన్న బోర్డే. ఆ ఇబ్బంది గురించి మాట్లాడుకుంటుండగా ఒక అమ్మాయి లేచి, "అయినా మనం అంటే ఎప్పుడూ ఆ కొండే ఎందుకు సార్? మా ఇంట్లో ఆదివారం గొడవ బీరకాయ పచ్చడి మీద. అది తీస్తాను" అంది. నవ్వాం. కానీ ఆ తర్వాత మా జాబితా ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆమె అన్నదాంట్లో నిజముంది. తెలుగు సినిమాలో మనవాడు, అంటే ముస్లిం, కనిపిస్తే "నీకీ, మాకీ" అని వచ్చీరాని తెలుగు మాట్లాడాలి, లేదంటే హీరో కోసం ప్రాణం ఇచ్చే స్నేహితుడై ఇంటర్వెల్ లోపు చనిపోవాలి, అదీ కాకపోతే బాంబు పెట్టాలి. ఈ పిల్లలు పుట్టినప్పటినుంచి విశాఖ తెలుగే మాట్లాడుతున్నారు. దూదేకుల ఇళ్లలోనైతే తరతరాలుగా తెలుగే. వారి నోట ఆ యాస పలికించాలంటే దర్శకుడు ప్రత్యేకంగా నేర్పాలి.

మొత్తం ఆరు లఘుచిత్రాలు పూర్తయ్యాయి. బీరకాయ పచ్చడి వాటిలో ఒకటి. అద్దె ఇంటి కోసం వెతికే అక్కాచెల్లెళ్ల మీద ఒకటి ఉంది. నాలుగు నిమిషాల సినిమా, తెర మీద టు లెట్ బోర్డులు తప్ప మనుషులు లేరు, వెనక ఫోను సంభాషణలు. ప్రతిసారీ అంతా బాగానే నడుస్తుంది, పేరు అడిగేదాకా. ఆ తర్వాత "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అన్న మాట ఎంత మెత్తగా అంటారో వినవలసిందే. ఇంకొకటి చేపల రేవులో ఐసు మోసే కుర్రాడిది. ఇది శిక్షణకు ముందే, ఏప్రిల్ మొదటి వారంలో, రోజాల (రంజాన్ ఉపవాసాల) చివరి రోజుల్లో తీసింది కాబట్టి చిత్రీకరణ అంత బాగుండదు. పగలంతా నోట్లో చుక్క నీరు లేకుండా భుజం మీద ఐసు దిమ్మ మోస్తాడు. నీళ్లు మెడ మీదుగా కారుతుంటాయి. వ్యాఖ్యానం పెడదామని నేను సలహా ఇచ్చాను, వద్దన్నారు. వారే సరి.

నా మనసులో నిలిచింది మాత్రం పరుపులు కుట్టే తాతది. మనవడే తీశాడు. దూది ఏకే విల్లు ఇరవై ఏళ్లుగా అటక మీద ఉంది. "ఇప్పుడెవరు ఏకించుకుంటారురా, అందరివీ ఫోము పరుపులే" అని తాత కెమెరా ముందుకు రానన్నాడు. మూడో ఆదివారం ఆయనే నిచ్చెన వేయించి విల్లు దింపించి, బూజు తుడిచి, నారి బిగించి, కొయ్య సుత్తితో ఒక్కటి కొట్టాడు. ఆ టంగుమన్న శబ్దానికి పక్కింటి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ షాటు ఎవరూ అనుకుని తీసింది కాదు. పాత దిండు విప్పి దూది ఏకుతుంటే కిటికీ వెలుగులో నూగు లేచి తాత కనుబొమల మీద వాలుతుంది. మనవడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

సినిమాల్లో తెర కింద వచ్చే అక్షరాలు (సబ్‌టైటిల్స్) ఏ లిపిలో ఉండాలన్నదానిపై రెండు సమావేశాలు ఖర్చయ్యాయి. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాష చేశారు కదా, మనమే వదిలేస్తే ఎలా అని ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. వాదన సబబే. అయితే సినిమాలు తీసిన పిల్లల్లో ఉర్దూ లిపి చదవగలిగింది ఇద్దరే. చివరికి తెలుగు అక్షరాలు వేశాం, పేర్లు మాత్రం రెండు లిపుల్లోనూ పెట్టాం. ఉర్దూలో ఒక పేరు తప్పు పడింది, క్షమించాలి.

ప్రదర్శనకు హాలు దొరికిందనే అనుకున్నాం. దరఖాస్తు ఇచ్చాం, నాలుగుసార్లు తిరిగాం. ఐదోసారి వెళితే పాత దరఖాస్తు కనబడటం లేదు, కొత్తది రాసివ్వమన్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను, తిరిగినవారికి తెలుసు. కొత్త దరఖాస్తు రాయలేదు. పాత పోస్టాఫీసు దగ్గర ఒక సభ్యుడి మేడ మీద జనవరి చలిలో తెల్ల దుప్పటి కట్టి వేసేశాం. సముద్రపు గాలికి దుప్పటి ఎగరకుండా అంచున ఇటుకలు కట్టాం, అయినా గాలి వీచినప్పుడల్లా తాత ముఖం అలలాగా కదిలింది. మధ్యలో ఇషా అజాన్‌కు ఆపాం. ఐసు సినిమా నడుస్తుండగా రేవులో ఓడ కూత వేసింది, అది సినిమాలోదే అనుకుని అందరూ మెచ్చుకున్నారు, కుర్రాడు కాదనలేదు. కుర్చీలు చాలక పిట్టగోడల మీద కూర్చున్నారు. పక్క మేడల మీద నుంచి చూసినవారిని లెక్కలో వేయలేదు. టీ, ఉస్మానియా బిస్కెట్లు అందించిన మహిళా సభ్యులకు, ప్రొజెక్టరు ఇచ్చిన ట్యూషన్ మాస్టారికి, మేడ ఇచ్చిన కుటుంబానికి, కింది వాటా హిందూ కుటుంబానికి (మెట్ల లైటు రాత్రంతా వారి మీటరు మీదే వెలిగింది) సంఘం తరఫున కృతజ్ఞతలు.

ముఖ్య అతిథిగా వస్తానని మాట ఇచ్చిన ప్రజాప్రతినిధి రాలేదు. వారి కోసం కొన్న శాలువా ఖర్చు లెక్కల్లో కనిపిస్తుంది. శాలువా బీరువాలో ఉంది, మడత విప్పలేదు.

జమాఖర్చుల పట్టిక నోటీసుతో పాటే పంపాం, ఆడిటర్ సంతకం ఉంది, చదివి రండి. హార్డ్‌డిస్కులు రెండెందుకన్న ప్రశ్న ముందే వినిపిస్తోంది. ఒకటి పాడైతే సినిమాలు పోకుండా రెండోది. చందా బకాయిల జాబితా చివరి పేజీలో ఉంది. పేర్లు పైకి చదవను, ఈ ఒక్క ఏడాదికి.

వచ్చే ఏడాదికి పదిమంది పిల్లలు పేర్లు ఇచ్చారు. వారిలో ఒకరు తన తల్లి కుట్టు మిషను గురించి తీస్తానంటోంది, ఒకరు ఇంకా చెప్పడం లేదు. చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయవద్దని మనవి. నామినేషన్ పత్రాలు నా దగ్గర ఉన్నాయి, కార్యదర్శి పదవికి కూడా.

జనవరి ప్రదర్శన రాత్రి తీసుకువెళ్లిన ట్రైపాడ్ ఇంకా తిరిగి రాలేదు. అది సంఘానిది కాదు, పెళ్లి వీడియోల సభ్యుడిది. ముహూర్తాల రోజులు వస్తున్నాయి, ఎవరి దగ్గర ఉంటే వారు సమావేశానికి వచ్చేటప్పుడు తీసుకురాగలరు.

కార్యదర్శి,
విశాఖపట్నం