బిల్లుపైనే రాసివ్వాలి
తిరుపతిలో కార్ల మాడిఫికేషన్ పేరుతో జనం వేలకు వేలు పోగొట్టుకుని, ప్రాణాల మీదికీ తెచ్చుకుంటున్నారు. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తీసేసి, రిలే (స్విచ్ మీద భారం పడకుండా బ్యాటరీ నుంచి బల్బుకి కరెంటు పంపే చిన్న పరికరం) కూడా లేకుండా అదే వైరింగుకి 100 వాట్లది తగిలిస్తే హోల్డర్ కరిగి నల్లగా మాడిపోవడం చూశాను, పైగా ఆ వెలుగుకి ఎదురొచ్చే బైకువాళ్లకు రోడ్డే కనపడదు. లావు టైర్లు తిరుమల ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగుకి (లైనర్‌కి) రాసుకుంటున్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏ మార్పులు కుదరవంటోందో షాపువాళ్లు చెప్పరు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మాత్రం ఓనరే! బిగించే ప్రతి వస్తువుకీ అనుమతి ఉందో లేదో షాపు బిల్లుపైనే రాసివ్వాలని రవాణా శాఖ ఆదేశించాలి, అలిపిరి దగ్గర లైట్లు, టైర్లు కూడా తనిఖీ చేయాలి.