వైద్యం చేసే తీరుకూ పరీక్ష పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మెడికల్ కాలేజీ వాళ్లు కాగితాలు పట్టుకుని ఊళ్లోకి వస్తే చాలు, "మన మీద మందులు ప్రయోగిస్తారంట" అన్న మాట ఇప్పటికీ ముందు పుడుతోంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. గోదావరి ఎగువన జరిగింది దిగువ డెల్టా జనానికి గుర్తుండటంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ భయంతో పాటు అసలు కొత్త మందే లేని పరిశోధనల్ని కూడా గుమ్మంలోంచే పంపేస్తున్నాం. ఈ ఉత్తరం వాటి గురించి.

ఉన్న మందునే ఎవరు ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి, రోగిని ఎన్నాళ్లకోసారి చూడాలి, ఇంట్లోవాళ్లకు ఏం నేర్పాలి అన్నవి కూడా తేల్చుకోవాల్సిన విషయాలే. క్షయ సంగతే చూడండి. ఒకప్పుడు కోస్తా నుంచి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియాలకు వెళ్లి నెలల తరబడి పడకేస్తేనే జబ్బు నయమవుతుందని గట్టి నమ్మకం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన పేద రోగులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసింది. సగం మంది శానటోరియంలో, సగం మంది తమ ఇరుకు ఇళ్లలోనే ఉండి అవే మందులు ఏడాది వాడారు. ఇంటి దగ్గరున్న వాళ్లకూ దాదాపు అంతే నయమైంది, ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటనూ లేదు. 1959లో ఫలితం వచ్చాక ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటి బాట పట్టింది. అక్కడ మారింది మందు కాదు, మంచం.

ఫలితం మనం అనుకోని వైపూ తేలవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంటివాళ్ల చేత వ్యాయామాలు చేయిస్తే బాగుంటుందని ఎవరికైనా తోస్తుంది. దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులతో దాన్ని పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది: ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి ఇంటివాళ్లకు నేర్పిన వైపూ, నేర్పని వైపూ 47 శాతమే. పరీక్ష లేకుండా జిల్లా జిల్లాకూ శిక్షణ శిబిరాలు పెట్టి ఉంటే ఎన్ని జీతాలు, ఎంతమంది ఇల్లాళ్ల శ్రమ వృథా అయ్యేవో!

మన డెల్టాకు ఇది కొత్తేమీ కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. పల్లెలో చావంటే జ్వరమో విరేచనాలో అనుకునే రోజుల్లో అది పెద్ద కబురు. తర్వాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) కింద 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. నలభై దాటినవాళ్ల బీపీ చూసి, గుండె ముప్పు లెక్కకట్టి, డాక్టరు దగ్గరకు పంపడం వాళ్ల పని. పీహెచ్‌సీలను ఒకేసారి కాకుండా చీటీలో వచ్చిన వరసలో దఫదఫాలుగా చేర్చారు. 2019లో అచ్చయిన ఫలితం ప్రకారం, ముప్పు ఎక్కువున్నవాళ్లలో బీపీ 140 లోపు ఉన్నవాళ్లు రెండు వైపులా నలభై శాతం దరిదాపుల్లోనే ఉన్నారు, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆశాలు పని చెయ్యలేదని దీనికి అర్థం తీస్తే పొరపాటు. ముప్పు కనిపెట్టడం ఒక పని, ఆ తర్వాత నెలనెలా మాత్ర అంది మనిషి దాన్ని మింగడం ఇంకో పని. మొదటిది బాగుపడ్డంత మాత్రాన రెండోది దానంతటదే జరగదు. ఈ ఫలితం ఆ 54 ఊళ్లలో ఎంతమందికి తెలుసో ఎవరైనా అడిగి చూడవచ్చు.

అందుకే మా మాట ఇది. ఇంటింటి బీపీ, షుగరు పరీక్షలు, ఫోన్లో డాక్టరు సలహా, డిశ్చార్జి అయినవాళ్ల ఇంటికి నర్సు వెళ్లడం లాంటి ఏ కొత్త పద్ధతినైనా జిల్లా అంతటా ఒక్క రోజున రిబ్బను కత్తిరించి మొదలుపెట్టొద్దు. ఎలాగూ కిట్లు, శిక్షణ అన్ని మండలాలకూ ఒకేసారి చాలవు. ముందెవరికి ఇవ్వాలో ఎమ్మెల్యే సిఫార్సు బదులు బహిరంగంగా తీసిన చీటీ చెబితే, అదే పరిశోధన అయిపోతుంది. కాకినాడ రంగరాయ, ఏలూరు ఆశ్రం, అమలాపురం కిమ్స్, రాజానగరం జీఎస్ఎల్ మెడికల్ కాలేజీలు కలిస్తే మనుషులకు కొదవ లేదు. పీజీ విద్యార్థులు ఎవరికి వారు ఎనభై మందితోనో వందమందితోనో థీసిస్ రాసి అటకెక్కించే కంటే, నలుగురు ఒకే ప్రశ్న మీద పనిచేస్తే పనికొచ్చే జవాబు వస్తుంది.

చెయ్యడంలో ఎక్కడ చెడుతుందో చెబుతాం. మొదటిది, చీటీ మనుషులకు తియ్యాలా ఊళ్లకు తియ్యాలా అన్నది. మన దగ్గర కాలవకు ఈ గట్టునొక ఊరు, ఆ గట్టునొక ఊరు. ఇక్కడి ఆశా ఆ ఊరి ఆడపడుచు అయి ఉంటుంది. ఒకే ఊళ్లో సగం మందికి కొత్త పద్ధతి పెడితే వారం తిరక్కుండా మిగతా సగానికీ పాకుతుంది, తేడా కనపడదు. కాబట్టి చీటీ ఊరికి తియ్యాలి, వీలైతే పీహెచ్‌సీకే తియ్యాలి. అప్పుడు లెక్క మారుతుంది. ఒక ఊరివాళ్ల తిండి, నీళ్లు, డాక్టరు ఒకటే కాబట్టి వాళ్ల ఫలితాలు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను సున్నా (పోలికే లేదు) నుంచి ఒకటి (అందరిదీ ఒకటే) దాకా కొలుస్తారు, మన దగ్గర 0.02 అనుకుందాం. మనిషి మనిషికీ చీటీ తీస్తే 800 మంది సరిపోయే పరిశోధనకు, ఊరికి 50 మంది చొప్పున తీసుకుంటే 1 + 49 × 0.02, అంటే 1.98 రెట్లు, 1584 మంది కావాలి. అది సుమారు 32 ఊళ్లు. ఊరికి వందమంది చొప్పున అయితే 2.98 రెట్లు, 2384 మంది కావాలి. ఊరికి 25 మందే అయితే 1184 మంది చాలు కానీ ఊళ్లు 48 కావాలి. రెండు పెద్ద ఊళ్లు తీసుకుని, ఒకదాంట్లో పెట్టి ఒకదాంట్లో పెట్టక, వెయ్యి మందిని కొలిచామని చెప్పేవాళ్లుంటారు. అది ఊరికీ ఊరికీ పోటీయే గాని పద్ధతికి పరీక్ష కాదు.

ఆసుపత్రిలో అయితే మనిషికే చీటీ తియ్యొచ్చు. అక్కడ చెడేది చీటీ దాచిన కవరు దగ్గర. పల్చటి కవరు లైటుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి అక్షరం కనపడుతుంది. మనసున్న నర్సు "పాపం, ముసలామె" అని తర్వాతి కవరు తీస్తుంది. ఆమెది జాలే, కానీ పరిశోధన అక్కడితో సరి. నల్లకాగితం మడత పెట్టి, వరస నంబరు వేసి, అతుకు మీద సంతకం చేసిన కవర్లుండాలి. రోగి పేరు కవరు మీద రాశాకే విప్పాలి. ప్రతి నాలుగు చీటీల్లో రెండు ఇటు, రెండు అటు అన్న నియమం సిబ్బందికి తెలిస్తే నాలుగోది ముందే చెప్పేస్తారు. అందుకే గుంపు పరిమాణాన్ని నాలుగు, ఆరు అని కలగలపాలి. ఇంకా మేలు, చీటీ వేరే ఊళ్లో ఉన్న మనిషి ఫోన్లో చెప్పడం. చీటీ ఏ వైపు పడితే ఆ మనిషి చివరిదాకా ఆ వైపు లెక్కలోనే ఉండాలి, మధ్యలో మందు మానేసినా సరే.

ఇక కొలత. దీని మీద ఎక్కువ రాస్తున్నందుకు మన్నించాలి, పరిశోధనలు ఎక్కువగా మునిగేది ఇక్కడే. మన పల్లెల్లో బీపీ చూసేది చాలాసార్లు అరుగు మీద. కాళ్లు వేలాడుతుంటాయి, వీపుకు ఆనుడు లేదు, చెయ్యి ఒళ్లో ఉంటుంది. చెయ్యి గుండెకు 10 సెంటీమీటర్లు కిందుంటే బీపీ సుమారు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. వీపు ఆన్చిన కుర్చీ కావాలి, పాదాలు నేల మీద ఆనాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. టీ, కాఫీ, చుట్ట అయ్యాక అరగంట, కూర్చున్నాక అయిదు నిమిషాలు ఆగాలి, మాట్లాడకూడదు. మూత్రానికి వెళ్లొచ్చాకే చూడాలి. చొక్కా చెయ్యి పైకి లాగి బిగించడం కాదు, తీసెయ్యాలి. మామూలు కఫ్ (చేతికి చుట్టే పట్టీ) 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రాడి భుజానికి అదే చుడితే లేని బీపీ వస్తుంది, టేపుతో కొలిచి పెద్ద కఫ్ వాడాలి. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి, మిగతా రెండింటి సగటు రాయాలి.

కొలతలు రాసి తెచ్చిన పుస్తకంలో అంకెలు చూస్తేనే పని తెలుస్తుంది. 120/80, 130/80, 140/90 అని వరసగా సున్నాలే ఉంటే ఎవరూ సరిగా కొలవలేదని అర్థం. చివరి అంకె సున్నా పదింట ఒకటో రెండో రావాలి. ఇంకో తంటా కూడా ఉంది. కొలిచే మనిషికి ఈ ఊరు కొత్త పద్ధతి ఊరని తెలిస్తే 142 చూసి 138 రాస్తాడు. వాడు అబద్ధాలకోరు కాదు, ఆశపడతాడంతే. అందుకని ఆఖరి కొలతలకు పరిశోధనతో సంబంధం లేని వేరే బృందం, అంకెను తనే దాచుకునే మెషీన్ ఉండాలి. ఆరు నెలలకోసారి మెషీన్‌ను మంచి పరికరంతో పోల్చి చూడాలి.

"మొదలుపెట్టక ముందు ఇంత, మూడు నెలలకు ఇంత తగ్గింది" అన్న పోలికను నమ్మొద్దు. బీపీ ఎక్కువున్నవాళ్లనే ఏరి చేర్చుకుంటే, ఏమీ చెయ్యకపోయినా రెండోసారికి సగటు దిగుతుంది. ఆ రోజు ఎండలో నడిచొచ్చినవాళ్లు, నిద్ర లేనివాళ్లు ఆ జాబితాలో చేరి ఉంటారు కాబట్టి. చీటీలో కొత్త పద్ధతి రాని ఊళ్లలోనూ ఎంత దిగిందో చూస్తేనే నిజం తెలుస్తుంది.

క్యాలెండరు హైదరాబాదు ఆఫీసులో కాకుండా ఇక్కడ కూర్చుని వెయ్యాలి. జులై, ఆగస్టుల్లో వరదొస్తే లంకలకు దారి ఉండదు, రేవులో పంటు ఆపేస్తారు. సార్వా, దాళ్వా నాట్లు కోతలప్పుడు పొద్దున్న ఇంట్లో ఎవరూ దొరకరు, చెరువు కాపలావాళ్లు పగలు నిద్రపోతారు. సంక్రాంతి మూడు వారాల్లో షుగరు కొలిస్తే అరిసెల్ని కొలిచినట్టే. కోనసీమలో చాలా ఇళ్లలో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, చేర్చుకున్న మనిషి ఆరు నెలలకు ఉంటుందో లేదో ముందే అడగాలి. పక్కింటి ఫోను, పుట్టింటి ఫోను రెండూ రాసుకోవాలి. అయిదోవంతు మంది తప్పిపోతే మిగిలినవాళ్ల లెక్క మీద భరోసా పెట్టుకోలేం. తప్పిపోయేది ఎక్కువగా కూలిపనివాళ్లే, అంటే మనం చూడాల్సినవాళ్లే.

అంగీకారం గురించి భద్రాచలం తర్వాత ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు గాని, రెండు సంగతులు. సర్పంచి ఒప్పుకోవడం ఊరు ఒప్పుకోవడం కాదు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దల అనుమతి మనిషి అంగీకారానికి బదులు కాదు. వేలిముద్ర వేసేవారి పక్కన పరిశోధన బృందంలో లేని సాక్షి ఉండాలి. ఆశానే సాక్షిగా పెట్టడం మామూలైపోయింది, ఆమె ఆ పనికి డబ్బు తీసుకుంటున్నప్పుడు అది చెల్లదు. పత్రం చదివి వినిపించాక "ఇప్పుడు మీరేం చేస్తారో నాకు చెప్పండి" అని తిరిగి చెప్పించుకోవాలి, ఒక ప్రతి వాళ్ల చేతికే ఇవ్వాలి. బస్సు ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా పీహెచ్‌సీలో వైద్యం ఆగదు. ఇది మాటల్లో కాదు, పత్రంలో ఉండాలి.

కొత్త మందుల పరీక్షలకైతే 2019 నిబంధనల ప్రకారం, పరిశోధన మంచిచెడ్డలు చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి, వైద్యం తెలియని సామాన్యులూ ఉండాలి. తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలపాలి. పద్ధతుల పరిశోధనకూ ఆ సామాన్యుడి కుర్చీలో లంక గ్రామాల మనిషిని కూర్చోబెట్టమని కాలేజీలను కోరుతున్నాం. పంటు సంగతి, దాళ్వా సంగతి అక్కడ గుర్తుచేసేది ఆ ఒక్కరే.

పరిశోధన మీ ఊరికొస్తే సీటీఆర్ఐ (వైద్య పరిశోధనల జాతీయ రిజిస్టరు) నంబరు అడగండి. ఎవరైనా ఆ రిజిస్టరును ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చకముందే అక్కడ నమోదు కావాలి. ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో అందులో రాసి ఉంటుంది. చివర్లో ఫలితం చెప్పేటప్పుడు వేరేది చెబితే పట్టుకోవచ్చు. ఇక కాలేజీలకు ఒకే విన్నపం: ఫలితం తేలిన రెండు నెలల్లోపు తెలుగులో ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, పాల్గొన్న ప్రతి ఊరి సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. తేడా రాలేదన్న ఫలితమైతే మరీ ముఖ్యంగా అంటించండి.

ఇట్లు,
కమ్యూనిటీ మెడిసిన్ విశ్రాంత అధ్యాపకులం,
భీమవరం.