పిట్స్‌బర్గ్ నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ నేను క్షేమం. విశాఖలో మీరూ, అమ్మా, తమ్ముడూ క్షేమమని తలుస్తాను. ఆఫీసు పని మామూలుగానే సాగుతోంది. అందులో చెప్పవలసిన విశేషమేమీ లేదు.

మొన్న ఫోనులో నేను చూసే డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల మాట వచ్చి, మీరు "చదువుకున్నవాడివి, ఆ దొంగ కుస్తీలకు డబ్బు పోసి టిక్కెట్టు కొంటావా" అన్నప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ ఎదుట నాకు మాట త్వరగా రాదని మీకు తెలియనిది కాదు. అందుకే వ్రాస్తున్నాను.

దొంగతనమంటే దాచడం కదా. గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయని 1989లోనే ఆ కుస్తీలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ (అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్) కంపెనీవారు న్యూజెర్సీ చట్టసభకు తామే చెప్పుకున్నారు. సత్యం మీద ప్రేమతో కాదు లెండి, క్రీడల కమిషన్ అజమాయిషీ తప్పించుకోవడానికి. ఏమైతేనేం, అప్పటి నుంచి అందులో రహస్యం లేదు.

కళాభారతిలో పౌరాణిక నాటకానికి వెళ్లినప్పుడు యుద్ధంలో ఎవరు గెలుస్తారో తెలియక మీరు కూర్చోలేదు. రాగం తీసిన తీరుకు వన్స్‌మోర్ కొట్టారు. నేనూ అంతే. ఎవరు గెలిచారన్నది కాక, ఓడేవాడు ఎలా ఓడాడన్నది చూస్తాను. ఈ ఆటలో దెబ్బ కొట్టేవాడికన్నా తినేవాడిదే పెద్ద పనితనం. ఎత్తి కుదేసేటప్పుడు పైకి లేచేవాడు తానూ ఎగిరి సాయపడతాడు, గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని, చేతులు చాపి, వీపంతా ఒక్కసారే నేలకు తగిలేలా పడతాడు. పడ్డాక నడుము విరిగినవాడిలా పాకుతూ, ఎదుటివాడు ఎంత బలవంతుడో మనల్ని నమ్మిస్తాడు. అలా పడగలిగినవాడు లేకపోతే ఎంతటి వీరుడైనా తేలిపోతాడు. మన దేశపు మల్లుడు ఖలీ 2007లో అక్కడ ఛాంపియన్ అయితే తమ్ముడు వీధంతా మిఠాయి పంచాడు గానీ, నాకు మాత్రం ఆయన ఆటకన్నా ఆయన చేతిలో పడినవాళ్ల ఆటే నచ్చేది.

అమ్మ భయం వేరని తెలుసు. దెబ్బలు అబద్ధం కావు. 1998 జూన్‌లో ఈ ఊళ్లోనే, ఇప్పుడు లేని పాత అరీనాలో, అండర్‌టేకర్ అనే మల్లుడు మిక్ ఫోలీ అనే మరో మల్లుణ్ణి, రింగు చుట్టూ కట్టిన 16 అడుగుల ఇనుప పంజరం మీద నుంచి కిందనున్న బల్ల మీదికి విసిరేశాడు. అది అనుకున్నదే. ఆ తర్వాత ఫోలీ మళ్లీ పైకెక్కితే పైకప్పు తెగి రింగులో పడ్డాడు, అది అనుకోనిది. నిజంగా గాయమైతే రెఫరీ రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా కలుపుతాడు, అది చూడగానే తెలిసినవాళ్లంతా చప్పబడిపోతారు. చూసేవాడికి మాత్రం ఏ ప్రమాదమూ లేదని అమ్మకు చెప్పండి, నేను కుర్చీలోనే కూర్చుంటాను.

డబ్బు సంగతి కూడా అడిగారు. ఏడాదికి ఒకటి రెండుసార్లే వెళతాను, మిగతాదంతా టీవీలోనే. ఇక్కడ చలికాలంలో ఐదింటికే చీకటి పడుతుంది, శని ఆదివారాలు ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోతాయి. కిందటిసారి హాల్లో నా పక్కనున్న ముసలాయన విలన్‌ను తిడుతూ, నేనూ తిట్టేదాకా భుజం పట్టి ఊపాడు. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. పనిలోపని, నాకు విలన్లే ఎక్కువ ఇష్టం. వేలమంది చేత తిట్టించుకుని జీతం తీసుకోవడం అందరివల్లా కాదు.

ఆ కంపెనీ ఏటా జరిపే పెద్ద పండుగ రెసిల్‌మేనియాలో వరసగా 21 ఆటలు గెలిచిన అండర్‌టేకర్ 2014లో బ్రాక్ లెస్నర్ అనే మల్లుడి చేతిలో ఓడినప్పుడు తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అమ్మ చెప్పింది. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలున్నాయని చిన్నప్పుడు వాడికి నేనే చెప్పాను. ఆ ఓటమి కూడా ఎవరో కాగితం మీద వ్రాసినదేనని వాడికి తెలుసు, అయినా ఏడ్చాడు. వాడిని మీరు కోప్పడలేదు కదా, నాన్నగారూ.

అటక మీది ట్రంకుపెట్టెలో చిన్నప్పుడు మేము ఆడుకున్న, ఈ మల్లుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఉంటాయి. పిన్ని వచ్చేటప్పుడు పంపండి. అండర్‌టేకర్ కార్డు మాత్రం తమ్ముడు ఇవ్వడు, అడగవద్దు.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి