సెల్లారులో నేర్పిన గొలుసు పని: సుబేదార్ గారికీ, మంచు దారిలో ఆదుకున్న వారికీ కృతజ్ఞతలు

ఈ సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం ఐదుగురం హైదరాబాదు నుంచి మనాలీకి సొంత కారులో వెళ్ళి, మంచు కురుస్తున్న సాయంత్రం మనాలీకి పైన ఉన్న అటల్ సొరంగం నుంచి సోలంగ్ లోయ వరకు కొండ దిగి, ఎవరికీ ఏ దెబ్బా తగలకుండా ఇంటికి చేరుకున్నాము. అలా చేరుకోవడానికి కారకులైన వారికి ఇక్కడ నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని ఇద్దరు కోరారు, మిగిలినవారి పేర్లు అడిగే వ్యవధి ఆ చలిలో మాకు దొరకలేదు. అందువల్ల వారు చేసిన పనినే వివరంగా రాస్తాను. ఇక్కడి నుంచి శీతకాలంలో కొండలకు కారు తీసుకువెళ్ళాలనుకునే వారికి అది ఉపయోగపడవచ్చు.

మొదటి నమస్కారం సైనిక్‌పురిలో మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉండే విశ్రాంత సుబేదార్ గారికి. శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలో చేరి, లేహ్ వైపు వెళ్ళే సైనిక లారీలను అనేక శీతకాలాలు నడిపిన మనిషి. ఉదయపు నడకలో మా మామగారు మా ప్రయాణం సంగతి చెప్పగానే ఆయన ఆ సాయంత్రమే కిందికి దిగి వచ్చారు. హోటలు ఎక్కడ, దారి ఏది అని అడగలేదు. "కారు నడిపేది నువ్వే కదమ్మా, ముందు టైర్లు చూపించు" అన్నారు. బ్యాటరీ దీపం వేసి నాలుగు టైర్లనూ వేళ్ళతో తడిమి, గాడుల లోతు చూసి, పక్క గోడ మీద ఉన్న 215/60 ఆర్ 17 అనే అంకెలను నా చేతనే చదివించారు. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లనీ, దాని పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతమనీ, రిమ్ము వ్యాసం 17 అంగుళాలనీ, మంచులో జారకుండా టైరు చుట్టూ తొడిగే ఇనుప గొలుసు కొనేటప్పుడు ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అది పనికిరాదనీ అప్పుడే తెలుసుకున్నాను. ఏడేళ్ళుగా ఆ కారు నడుపుతున్నా అంతకుముందు ఆ అంకెల వైపు చూడలేదు.

ఆయన చెప్పినవాటిలో నా మనసులో బాగా నాటుకున్నది మాటకు సంబంధించిన విషయం. మనం ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గుల మీద పడేదాన్నీ మంచు అంటాము, ఔటర్ రింగు రోడ్డును కమ్మేసేదాన్నీ మంచు అంటాము, హిమాలయాల మీద ఉన్నదాన్నీ మంచే అంటాము. కొండ దారిలో మాత్రం ఏ మంచు అన్నది తెలియకపోతే ప్రమాదమని ఆయన అన్నారు. అప్పుడే కురిసిన పొడి మంచు అంత భయపెట్టేది కాదు, టైరు దానిలో కొంత దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. పది బండ్లు తొక్కి నున్నగా చేసిన మంచు అంతకంటే చెడ్డది. అన్నిటికంటే చెడ్డది కంటికి కనపడని అద్దం లాంటి పొర. పగలు కరిగిన నీరు ఎండ పడని మలుపుల్లోనూ, వంతెనల మీదా సాయంత్రానికి గడ్డకట్టినప్పుడు అది ఏర్పడుతుంది. కింది తారు రంగే పైకి కనిపిస్తుంది కనుక తడి రోడ్డు అనుకుని వేగంగా వెళ్ళినవారు అక్కడే జారిపోతారట.

మరి మంచు టైర్లు వేయించుకుంటే సరిపోదా అని మావారు అడిగారు. మన టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే బిరుసెక్కి పట్టు కోల్పోతుందనీ, మంచు టైర్ల రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేసి, దాని మీద సన్నని కోతలు వేల కొద్దీ పెడతారనీ, నిజమైన మంచు టైరు మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉంటుందనీ ఆయన ఓపికగా వివరించారు. శీతకాలమంతా అక్కడే బండి నడిపేవారికి అవే మేలు. మా ప్రయాణంలో అయితే నిర్మల్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా దాదాపు రెండు వేల కిలోమీటర్లు మామూలు తారు రోడ్డే, మంచు ఉండేది చివరి రెండు మూడు రోజులు. ఆ మెత్తని రబ్బరు మన మైదానపు ఎండలో త్వరగా అరిగిపోతుంది. అందువల్ల మంచి గాడులున్న మామూలు టైర్లు, డిక్కీలో సరైన కొలత గొలుసులు మా ప్రయాణానికి తగినవని తేల్చారు. ఇది నాకు ఇప్పటికీ సరైన నిర్ణయమనే అనిపిస్తుంది.

గొలుసుల కోసం నగరంలో తిరిగినప్పుడు ఒక దుకాణంలో "ఏ కారుకైనా పడతాయి" అని చెప్పి ఒక జత అంటగట్టారు. ఇంటికి తెచ్చి చూస్తే అవి చిన్న టైరు గొలుసులు, కొక్కేలు కలవడానికి జానెడు తక్కువ వచ్చాయి. వాటిని వెనక్కి తీసుకోలేదు కూడా. ఆ బాధలో ఉండగా రాణీగంజ్‌లో లారీ విడిభాగాలు అమ్మే ఒక పెద్దాయన దగ్గరికి సుబేదార్ గారే మమ్మల్ని పంపారు. ఆయన మా కారు పుస్తకంలో గొలుసుల గురించి రాసిన పేజీ తెరిపించి, గొలుసు ముందు చక్రాలకే వేయాలనీ, చక్రానికీ లోపలి భాగాలకూ మధ్య చోటు తక్కువ కనుక సన్నని లింకులదే తీసుకోవాలనీ చూసి, "ఇప్పుడు నా దగ్గర లేదమ్మా, ఉన్నదాన్ని అమ్మితే మీకు ద్రోహం చేసినట్టే" అని, వారం రోజుల్లో సరైనది తెప్పించి ఇచ్చారు. ఆ నిజాయితీకి ఆయనకు నా రెండో నమస్కారం.

గొలుసులు వచ్చాక అసలు శిక్షణ మొదలైంది. డిక్కీలో సీలు విప్పని సంచీ పెట్టుకుని కొండెక్కేవారు గొలుసులు లేనివారితో సమానమని సుబేదార్ గారి అభిప్రాయం. వరసగా మూడు ఆదివారాలు మా సెల్లారులో నా చేత ఆ గొలుసులు వేయించారు. మొదట చిక్కులు లేకుండా నేల మీద పరవాలి. వంగే ఉక్కు తీగ వలయాన్ని చక్రం వెనకనుంచి పాములా దూర్చి, రెండు కొనలనూ పైకి తెచ్చి లోపలి వైపు కలపాలి. తరవాత బయటి కొక్కెం తగిలించి, బిగింపు గొలుసును తాళంలోంచి లాగి, మిగిలిన తోకను రబ్బరుతో కట్టేయాలి. ఆ తోక వేలాడితే తిరిగేటప్పుడు కొరడాలా కొట్టి బ్రేకు గొట్టాన్ని తెంపగలదట. ఆపైన కారును రెండు గజాలు ముందుకు నడిపి మళ్ళీ బిగించాలి, వంద గజాల తరవాత దిగి మరొకసారి బిగించాలి. మొదటి ఆదివారం ఒక్క చక్రానికే నాకు అరగంట పట్టింది. రెండో వారం దళసరి చేతి తొడుగులు వేయించారు. మూడో వారం సెల్లారు దీపాలు ఆర్పించి, నేల మీద బకెట్టు నీళ్ళు పోయించి, మా పన్నెండేళ్ళ అమ్మాయి చేతికి సెల్‌ఫోను దీపం ఇచ్చి, ఆ తడిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేయించారు. ఆ రోజు రెండు చక్రాలకూ కలిపి తొమ్మిది నిమిషాలు పట్టింది. హైదరాబాదులో రాత్రి 15 డిగ్రీలకు దిగితేనే వణికిపోయే మాకు ఇంత కఠినమైన అభ్యాసం ఎందుకా అని అప్పుడు మనసులో అనుకున్న మాట నిజం. అందుకు ఆయనకు ఇక్కడే క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను.

కారు విషయంలోనూ ఆయన కన్ను పడని చోటు లేదు. పోయిన వేసవిలో మేము రేడియేటరులో మామూలు నీళ్ళు కలిపామని తెలిసి, అది గడ్డకడితే ఇంజనే పగులుతుందని, మొత్తం తీయించి చలికి గడ్డకట్టని కూలెంటు ద్రవాన్ని సరైన పాళ్ళలో పోయించారు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గాలి కొట్టేచోట చూసే కొలత) తగ్గుతుంది కనుక అక్కడ ప్రతి ఉదయం బండి కదలకముందే చూసుకోమన్నారు. రాత్రి నిలిపేటప్పుడు హ్యాండు బ్రేకు వేస్తే అది తెల్లారేసరికి పట్టేసుకుంటుందని, మొదటి గేరులో ఉంచి చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నారు.

ఇక ఆ సాయంత్రం సంగతి. భోగికి రెండు రోజుల ముందు, ఎండ బాగా కాస్తున్న ఉదయం, మనాలీ నుంచి అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపున ఉన్న సిస్సూకు వెళ్ళాము. 2020 అక్టోబరులో ఈ సొరంగం తెరవకముందు రోహ్‌తంగ్ కనుమ మూసుకుపోయి ఆ లోయ దాదాపు ఆరు నెలలు బయటి ప్రపంచానికి దూరంగా ఉండేది. ఇప్పుడు 9.02 కిలోమీటర్లు దాటితే చాలు. ఆ సౌకర్యంలోనే ఒక మోసం ఉందని తిరుగు ప్రయాణంలో తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మి తిరిగి బయలుదేరినప్పుడు ఉత్తర ద్వారం దగ్గర రేణువులు మాత్రమే రాలుతున్నాయి. సొరంగం లోపల రోడ్డు పొడిగా, మన ఫ్లైఓవరులా ఉంది. దక్షిణ ద్వారంలోంచి బయటికి రాగానే, మూడు వేల మీటర్ల ఎత్తున, ఎదురుగా అంతా తెలుపు. లోపలి నేల అలవాటైన కాలు ఆ తెలుపును వెంటనే గుర్తించలేదు. ద్వారం దగ్గరి చదునులోనే ఆగి గొలుసులు వేయవలసింది. "ఇరుక్కున్నాక కాదమ్మా, ఇరుక్కోకముందే వేయాలి" అని సుబేదార్ గారు ఎన్నోసార్లు చెప్పిన మాటను మరచి మరికొంత దూరం పోనిచ్చాను. ఒక మలుపులో స్టీరింగు ఎడమకు తిప్పినా కారు మూడు నాలుగు అడుగులు తిన్నగానే జారి, అదృష్టవశాత్తూ కొండ వైపున పోగైన మంచుకు ఆనుకుని ఆగింది. లోయ వైపు జారి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

కొంచెం వెడల్పుగా ఉన్న చోటికి మెల్లగా చేర్చి దిగాను. వేళ్ళు నిమిషంలో మొద్దుబారిపోయాయి. అమ్మాయి సెల్‌ఫోను దీపం పట్టుకుంది. వలయం వెనకనుంచి పైకి వచ్చినప్పుడు దాని కొనలు నాకు కనపడనేలేదు, అయినా చేతులు వాటిని వెతికి పట్టుకుని కలిపేశాయి. ఆలోచించి చేసిన పని కాదు అది, మా సెల్లారు తడి నేల మీద చేతులకు అలవడిన పని. రెండు చక్రాలకూ పదహారు నిమిషాలు పట్టిందని మావారు తరవాత చెప్పారు. మా వెనక ఆగిన ఒక కారువారు కొత్త గొలుసుల సంచీ ముందు పెట్టుకుని చిక్కులు విప్పలేక నిలబడ్డారు. వారికి కూడా మావారూ నేనూ కలిసి వేసి ఇచ్చాము.

అప్పుడే కింది నుంచి వచ్చిన ఒక జీపు డ్రైవరు, కుల్లూ యువకుడు, ఎవరూ పిలవకుండానే ఆగాడు. చక్రం పక్కన వంగి కుడి గొలుసును ఒక్కసారి లాగి చూసి, "దీదీ, ఇది వదులుగా ఉంది" అని హిందీలో చెప్పి, తానే మరో రెండు లింకులు బిగించాడు. మొదటి గేరులోనే దిగాలనీ, క్లచ్చు తొక్కి వదిలేయకూడదనీ, బ్రేకు మీద కాలు అసలు బరువు పెట్టకూడదనీ, ముందు బండి మలుపు దాటేదాకా నేను మలుపులోకి రాకూడదనీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. కింద రెండు మలుపుల్లో పొడి మంచు అడుగున గట్టి పొర ఉందని, మా మామగారినీ పిల్లలనూ తన జీపులో కూర్చోబెట్టి, ఆ మలుపుల దగ్గర తాను జీపు దిగి, బస్తాలోని ఇసుకను దోసిళ్ళతో చల్లుతూ మా కారు ముందు నడిచాడు. ఆ తెల్లని చీకట్లో అతని నల్లని కోటు వీపునే చూసుకుంటూ నేను నడిపాను. గొలుసులు మంచును కొరుకుతున్న చప్పుడు, బోనెట్టు కిందినుంచి ఇంజను మూలుగు తప్ప ఇంకేమీ వినపడలేదు. సోలంగ్ దాకా సుమారు 12 కిలోమీటర్లకు రెండు గంటలకు పైగా పట్టింది. అతను ఎదురు దిక్కుకు పోవలసినవాడు, మా కోసం వెనక్కి తిరిగి వచ్చాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు జోడించి వద్దన్నాడు. మా అమ్మ పండుగకు చేసి కట్టిచ్చిన సకినాల డబ్బా మాత్రం తీసుకుని, ఒకటి అక్కడే కొరికి, ఇవి దేనితో చేస్తారని అడిగాడు. బియ్యపు పిండి, నువ్వులు, వాము అని మా మామగారు వచ్చీరాని హిందీలో చెప్పారు. తమ్ముడూ, ఈ తెలుగు మాటలు నీ దాకా చేరకపోయినా, మా ఇంట్లో నీ ప్రస్తావన లేని రోజు లేదు.

ఆ రాత్రి సోలంగ్ దగ్గర గొలుసులు లేని వాహనాలను పైకి వెళ్ళనీయకుండా ఆపి, దిగేవారిని ఒక్కొక్కరిగా వదులుతూ గంటల తరబడి మంచులో నిలబడ్డ పోలీసు సిబ్బందికీ, మరునాడు తెల్లవారేసరికి దారిని శుభ్రం చేసిన సరిహద్దు రహదారుల సంస్థ కార్మికులకూ మా కృతజ్ఞతలు. పైకి వెళ్ళనివ్వలేదని వారితో వాదిస్తున్నవారిని చూశాము. ఆ మలుపులో మాకు జరిగింది చూస్తే వారు వాదించేవారు కాదు.

సోలంగ్ దిగువన తారు కనపడగానే గొలుసులు విప్పాము, పొడి రోడ్డు మీద నడిపితే గొలుసూ టైరూ రెండూ పాడవుతాయి. ఇంటికి వచ్చాక సుబేదార్ గారు వాటిని మంచినీళ్ళతో కడిగించి, ఆరబెట్టించి, నూనె గుడ్డతో తుడిపించి సంచీలో పెట్టించారు. అవి మా సెల్లారులో ఉన్నాయి. 215/60 ఆర్ 17 టైర్లుండి, కారు పుస్తకం గొలుసులకు అనుమతిస్తే, శీతకాలంలో కొండలకు వెళ్ళేవారు ఎవరైనా వచ్చి తీసుకువెళ్ళవచ్చు, అద్దె ఏమీ లేదు. ఒక షరతు మాత్రం సుబేదార్ గారు పెట్టారు. ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చి, చేతి తొడుగులతో, ఆయన ఎదుట రెండుసార్లు వేసి చూపించాలి.