ఇంగ్లీషు కవితకు తెలుగు పద్యమే తోవ

సంపాదకులకు నమస్కారం.

జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను ఇప్పుడు మా వీధిలోని ఇంటర్, పన్నెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వారిలో చాలామంది పాఠ్యపుస్తకం లేకుండా గైడు ఒక్కటే పట్టుకుని వస్తున్నారు. కవితను ఒక్కసారైనా పైకి చదవకుండానే దాని సారాంశాన్నీ అనోటేషన్లనూ (పంక్తుల సందర్భ వివరణలనూ) కంఠస్థం చేస్తున్నారు. ప్రవేశ పరీక్షల హడావిడిలో ఇంగ్లీషు పీరియడునే త్యాగం చేసే కళాశాలల్లో చదువుతున్న పిల్లలను ఇందుకు తప్పుపట్టలేను.

అయితే ఈ పిల్లలు సాహిత్యం తెలియనివారు కారు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి పుస్తకంలో కమలాదాస్ రాసిన కవిత ఒకటి ఉంది. విమానాశ్రయానికి వెళ్తూ కారులో పక్కన కునుకు తీస్తున్న 66 ఏళ్ల తల్లి ముఖాన్ని కూతురు చూస్తుంది, భయపడి కిటికీ బయట పరుగెత్తే చెట్ల వైపు చూపు తిప్పుకుంటుంది. ఆ ముఖం చలికాలం చివరినాటి చంద్రుడిలా పాలిపోయిందని కవయిత్రి అన్నచోట నేను ఉపమేయం ఏది, ఉపమానం ఏది, సమానధర్మం ఏది, ఉపమావాచకం ఏది అని అడిగాను. సిమిలీ (ఉపమాలంకారం) అంటే నిర్వచనం అప్పజెప్పి ఆగిపోయిన అమ్మాయే నాలుగింటినీ గుర్తించి, ఆ తరువాత తనంతట తానే "మరి చెట్లు ఎందుకు పరుగెత్తాలి మాస్టారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏ గైడులోనూ లేదు. కవిత మొదటి నుంచి చివరి వరకు ఒకే వాక్యంగా సాగుతుందని కూడా ఆమె పైకి చదివినప్పుడే గమనించింది.

ఛందస్సు విషయమూ ఇంతే. ఉత్పలమాలకు గణవిభజన చేసిన విద్యార్థికి షేక్‌స్పియర్ సానెట్‌లోని పంక్తి కొరుకుడుపడనిదేమీ కాదు. 14 పంక్తుల ఆ కవితలో ఒక్కో పంక్తి ఇంచుమించు 5 లగాల (లఘువు వెంట గురువు వచ్చే జంటల) నడక. మన గురులఘువులు ఉచ్చారణకు పట్టే కాలాన్ని బట్టి ఏర్పడితే, ఇంగ్లీషులో అవి అక్షరం మీద పడే ఊనికను బట్టి ఏర్పడతాయన్న తేడాను మాత్రం బల్ల మీద చరిచి వినిపించాలి. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవారిలో కూడా చాలామంది పదో తరగతి దాకా ఈ గణాలు నేర్చుకుని వచ్చినవారే కదా!

అందుచేత కళాశాలల్లో వారానికి ఒక్క గంటయినా తెలుగు, ఇంగ్లీషు అధ్యాపకులు కలిసి ఒక కవితను బోధించాలనీ, వివరణకు ముందు దానిని పిల్లల చేత రెండుసార్లు పైకి చదివించాలనీ నా విన్నపం. ఇంగ్లండులో 16 ఏళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ సాహిత్య పరీక్షలో, ముందెన్నడూ చదవని కవితను ఇచ్చి దానిపై రాయమంటారు. మన ప్రశ్నపత్రంలోనూ అటువంటి చిన్న కవిత ఒకటి, నాలుగు మార్కులకైనా సరే, ఇస్తే కళాశాలలు కవితలను తరగతిలో చదివించక తప్పదు. వచ్చే విద్యా సంవత్సరపు మాదిరి ప్రశ్నపత్రాలు సిద్ధం చేసేలోగా రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు ఈ సూచనను పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు,
తెనాలి