చేతివృత్తికి కంపెనీ ఎప్పుడు అవసరం?

సంపాదకులకు నమస్కారం.

బొమ్మలు, కుండలు, లోహపు వస్తువులు చేసి అమ్ముకునే చిన్న వ్యాపారులకు ఈమధ్య ఎటు చూసినా ఒకటే సలహా: ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకోండి, పన్ను తగ్గుతుంది, అప్పు పుడుతుంది, వ్యాపార బాకీ ఇంటి మీదికి రాకుండా ఉంటుంది. ఒంటరిగానో, ఇంట్లోవాళ్ల సాయంతోనో పని నడుపుకునేవారిలో చాలామందికి ఈ సలహా నష్టమే తెస్తుంది. లెక్క వేసి చూపిస్తాను.

ముందు పన్ను. 2025-26 నుంచి ఆదాయపు పన్ను కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటని వ్యక్తికి వ్యాపార లాభంపై పన్ను పడదు. కంపెనీకి అలాంటి మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచే పన్ను. తక్కువదైన 22 శాతం రేటు ఎంచుకున్నా సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం అవుతుంది. ఏడాదికి 9 లక్షల లాభం వస్తే సొంత పేరు మీద వ్యాపారం చేసేవారు కట్టేది సున్నా. ఆ లాభం కంపెనీలోనే మిగిలితే సుమారు 2.26 లక్షలు కట్టాలి. డైరెక్టర్‌గా జీతం తీసుకుని కంపెనీ లాభాన్ని తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ లాభమంతా జీతంగానే తీసుకునేటట్టయితే కంపెనీ పెట్టి ఒరిగేదేముంది? డివిడెండ్‌గా, అంటే వాటాదారుకు పంచే లాభంగా తీసుకుంటే అది మళ్లీ మన ఆదాయంలో కలుస్తుంది. పైగా టర్నోవర్‌లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం కనీస లాభంగా చూపించి, పుస్తకాల బాధ లేకుండా రిటర్ను వేసే వెసులుబాటు వ్యక్తులకూ భాగస్వామ్య సంస్థలకూ ఉంది. కంపెనీకి, ఎల్ఎల్‌పీకి (భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థకు) లేదు. వ్యక్తికి 30 శాతం శ్లాబు మొదలయ్యేది 24 లక్షలు దాటాకే. అంతకు మించి లాభం వచ్చి, ఆ పైసొమ్మును ఇంటికి తీసుకెళ్లకుండా కొలిమికో యంత్రానికో పెట్టేవారికే కంపెనీ రేటు కలిసొస్తుంది.

అప్పు సంగతి. కొత్త చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా డైరెక్టర్ల సొంత హామీ అడుగుతాయి. ఆ సంతకం పడితే ఆ బాకీ వరకు పరిమిత బాధ్యత (కంపెనీ బాకీ సొంత ఆస్తి మీదికి రాని రక్షణ) పోయినట్టే. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాలు సొంత పేరు మీద వ్యాపారానికీ దొరుకుతాయి. చేతివృత్తులవారి కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం కింద 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షలు ఇచ్చేది వృత్తిదారుకే గాని కంపెనీకి కాదు.

పరిమిత బాధ్యత నిజంగా అక్కరకొచ్చే చోట్లున్నాయి. తయారీ లోపం వల్ల వాడినవారికి హాని జరిగితే తయారీదారు నుంచి పరిహారం కోరే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. సీసం కలిసిన మెరుగుతో కాల్చిన గిన్నెలు, వైరింగ్ చేసిన దీపాలు, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే రంగు బొమ్మలు ఇలా హాని చేయగల సరుకే. అయితే తయారుచేసినవారే డైరెక్టరైతే, సొంత నిర్లక్ష్యం విషయంలో కంపెనీ పేరు పూర్తి రక్షణ ఇవ్వదు. ఇలాంటి సరుకుకు ముందు కావలసింది ఉత్పత్తి బాధ్యత బీమా. కంపెనీ ఆ తర్వాతి మాట.

ఇక ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు. కంపెనీ పుట్టిన 30 రోజుల్లో ఆడిటర్‌ను నియమించాలి. వాటా సొమ్ము బ్యాంకులో వేసి, 180 రోజుల్లో వ్యాపారం మొదలైనట్టు ఐఎన్‌సీ-20ఏ ఫారం దాఖలు చేయాలి. లేదంటే కంపెనీకి 50 వేల జరిమానా. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. ఏటా వేసే లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. రెండూ ఏడాది ఆగితే 73 వేలు. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్‌పై ఐదేళ్ల అనర్హత. 2017లో ఇలా దాఖలు చేయని రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టర్ నుంచి కొట్టేశారు. మూసేద్దామన్నా పేరు తొలగింపు దరఖాస్తు ఎస్‌టీకే-2 ఫీజే 10 వేలు, ముందు పాత బకాయిలన్నీ తేల్చుకోవాలి. ఏకవ్యక్తి కంపెనీకి నామినీ ఉంటే చాలు, రెండో వాటాదారు అక్కర్లేదు. ఆడిట్ మాత్రం దానికీ తప్పదు.

ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే: కంపెనీ పెట్టాక కూడా కొనేవాళ్లు పాత ఫోన్ నంబరుకే యూపీఐ చేస్తుంటారు. సరుకు బిల్లు కంపెనీది, డబ్బు పడేది యజమాని సేవింగ్స్ ఖాతాలో. మరోపక్క పిల్లల ఫీజు కంపెనీ ఖాతా నుంచి పోతుంది. మార్చి చివర్లో ఆడిటర్ ఇవన్నీ డైరెక్టర్ తీసుకున్న అప్పుగా రాస్తారు. కంపెనీలో పోగైన లాభం ఉంటే అలాంటి అప్పును డివిడెండ్‌గా లెక్కగట్టి పన్ను వేయొచ్చు.

కంపెనీ అంటే కొత్త పాన్. దాంతో జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) మళ్లీ తీసుకోవాలి, ట్రేడ్‌మార్క్ బదిలీ చేయాలి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే గుర్తింపు కార్డు కళాకారుడి పేరు మీదే ఉంటుంది. బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన ఉత్తర్వులో మినహాయింపు దక్కింది ఆ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే సరుకుకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) కింద అధీకృత వాడుకరులుగా నమోదైనవారి సరుకుకు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలవారు అమ్మకాలు కంపెనీ పేరుకు మార్చేముందు ఈ మినహాయింపు తమకు మిగులుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

బయటివారు పెట్టుబడి పెడతామంటేనో, కుటుంబం కాని ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బు పెడితేనో సొంత పేరు చాలదు. ఏటా టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్ఎల్‌పీకి ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు, భాగస్వాములకు అది తేలిక. పదిమంది వృత్తిదారులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు, చట్టం చేతివృత్తుల ఉత్పత్తులనూ అందులో చేర్చింది.

మిగతావారు ముందు ఉద్యమ్ నమోదు చేసుకోండి, అది ఉచితం. పెద్ద దుకాణం బిల్లు 45 రోజులు దాటి ఆపితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు దాంతో వస్తుంది. వ్యాపారానికి వేరే కరెంట్ ఖాతా తెరవండి, యూపీఐని దానికి కలపండి. పేరు, గుర్తు కాపాడుకోవాలంటే ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలతో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చేయండి. కంపెనీ పేరు నమోదైనంత మాత్రాన ట్రేడ్‌మార్క్ హక్కు రాదు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు శిబిరాలు పెట్టేటప్పుడు కంపెనీ ఫారాలకన్నా ముందు, వచ్చినవారి గత మూడేళ్ల లాభం పక్కన ఈ రెండు పన్ను లెక్కలూ వేసి చేతికివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పన్నుల సలహాదారు