బొచ్చు కప్పుకున్న కుక్కలు, మన కృష్ణానగర్ ప్రేక్షకులు

కృష్ణానగర్,
హైదరాబాద్.

ప్రియమైన సుధాకర్‌కు,

ఉభయకుశలోపరి. జవాబు ఇంత ఆలస్యమైనందుకు క్షమించు. కారణం మాత్రం అడగవద్దు. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, ఇంటి అద్దె పెరిగింది, నేను ఇంకా సబ్‌టైటిళ్ళ పనిలోనే ఉన్నాను, నువ్వు అడిగిన నిఘంటువు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంతవరకు దొరకలేదు. కుశలసమాచారం ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేటట్లు లేదు.

మొన్న శనివారం రాత్రి మా డాబా మీద ప్రొజెక్టరు పెట్టి 1959 నాటి ‘ద కిల్లర్ ష్రూస్’ (అంటే చంపే చుంచెలుకలు) అనే అమెరికన్ సినిమాను ఇరుగుపొరుగు వారందరికీ వేశాము. చౌకలో తీసిన నలుపు తెలుపు భయానక చిత్రం. నిడివి గంటా తొమ్మిది నిమిషాలు. తెర మీద మాటలను నేను నిలబడి తెలుగులో చెప్పాను. నువ్వు ఇక్కడ ఉన్న రోజుల్లో రాత్రంతా వాదించిన సిద్ధాంతం గుర్తున్నదా? రాక్షసిని చూపించిన క్షణమే భయం చచ్చిపోతుందని, చేతిలో డబ్బు లేని దర్శకుడు నీడతోనూ చప్పుడుతోనూ సరిపెట్టుకోవాలని అంటూ ఉండేవాడివి. దానికి మా డాబా మీద జరిగిన సత్కారం గురించే ఈ ఉత్తరమంతా.

కథ నీకు తెలియదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒక దీవిలో ఒక శాస్త్రవేత్త, లోకంలో తిండి అందరికీ సరిపోవాలంటే మనుషుల పరిమాణాన్నే సగానికి తగ్గించాలని ప్రయోగాలు చేస్తూ ఉంటాడు. ఆ ప్రయోగాల్లో చుంచెలుకలు కుక్కలంత పెరిగి తప్పించుకుంటాయి. దీవిలో ఉన్న ఇతర జంతువులన్నీ అయిపోయాక వాటికి మిగిలిన ఆహారం మనుషులే. సరుకులు తెచ్చిన ఓడ కెప్టెను తుపాను కారణంగా అక్కడే చిక్కుకుంటాడు. కుక్కలంత పెరిగిన చుంచెలుకల కోసం సినిమా తీసినవాళ్ళు ఏం చేశారో ఊహించు. కుక్కలనే తెచ్చారు! వాటి మీద బొచ్చు కప్పి, కోరలు తగిలించి, తోక వేలాడదీసి పరుగెత్తించారు. దగ్గరి షాట్లకు మాత్రం చేతితో ఆడించే తలబొమ్మను వాడారు.

మొదటి కుక్క తెర మీదికి రాగానే ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి, గచ్చిబౌలిలో పనిచేస్తాడే, అతను పొట్ట పట్టుకుని నవ్వుతూ అది తమ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఉండే కుక్కేనని, ఆధార్ కార్డు అడగమని అన్నాడు. డాబా అంతా గొల్లుమన్నది. నీ సిద్ధాంతం గెలిచిందని నేను మనసులో నీకు దండ కూడా వేశాను.

అప్పుడు మన కాస్ట్యూమర్ బాబాయి లేచి సినిమా ఆపమన్నాడు. నీకు తెలుసు కదా, ఆయన ఆపమంటే ఆపవలసిందే. తెర దగ్గరికి వెళ్ళి, ఆగిన బొమ్మ మీద వేలు పెట్టి, ఆ బొచ్చు వీపు మీద ఎక్కడ కట్టారో, పొట్ట కింద పట్టీ ఎక్కడ దాచారో, కుక్క పరుగెత్తితే అది పక్కకు జారకుండా ఉండటానికి మెడ దగ్గర ఏం చేసి ఉంటారో మాకందరికీ పాఠం చెప్పాడు. కుక్క ఒళ్ళు విదిలిస్తే వేషం ఊడిపోతుందట. అందుకే ప్రతి షాటూ అంత పొట్టిగా ఉన్నదట. ‘దాని చూపు చూడండి, అది హీరో వైపు చూడటం లేదు, కెమెరా పక్కన ఎవరి చేతిలోనో ఉన్న బిస్కెట్ వైపు చూస్తోంది’ అన్నాడు. నేను అంతవరకు ఆ చూపును గమనించనే లేదు. ఆ తరువాత కుక్క కనిపించినప్పుడల్లా అందరమూ ఆ కనిపించని చేతినే వెతుకుతూ కూర్చున్నాము.

నీ వాదం ఆయనకు వినిపించాను. 1942లో వచ్చిన ‘క్యాట్ పీపుల్’ గురించి, అందులో మృగం ఎగిరి మీద పడుతుందనుకున్న క్షణాన బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగడం గురించి చెప్పాను. 1975లో వచ్చిన ‘జాస్’ తీసేటప్పుడు యంత్రపు సొరచేప సముద్రపు నీటిలో మాటిమాటికీ మొరాయించబట్టే స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు దాచి ఉంచవలసి వచ్చిందని, ఆ దాచడమే సినిమాను నిలబెట్టిందని కూడా చెప్పాను. బాబాయి అంతా శ్రద్ధగా విని, ‘అందరూ నీడలే చూపిస్తే మా కూలి ఎవరిస్తారు నాయనా?’ అన్నాడు. దీనికి నువ్వేం చెబుతావో రాయి. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఇంటి యజమాని తల్లిగారి అభిప్రాయం మరొక దారిలో సాగింది. ఆవిడకు ఇదంతా విఠలాచార్య గారి సినిమాల ముందు దిగదుడుపు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టాన్ని ఆవిడ అభినయించి చూపించింది, నిజం చెబుతున్నాను, కుక్కల కంటే ఆవిడకే పిల్లలు ఎక్కువ జడుసుకున్నారు. పారితోషికం దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి విఠలాచార్య గారు కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవారని మన పరిశ్రమలో చెప్పుకుంటారు కదా, దాన్ని గుర్తుచేసి, మనవాళ్ళు మనుషులను జంతువులుగా మారిస్తే ఈ అమెరికా వాళ్ళు జంతువులనే వేరే జంతువులుగా మార్చి ఇంకా మిగులు చూసుకున్నారని బాబాయి తీర్పు ఇచ్చాడు.

కింది వాటాలోని జంతుశాస్త్రం లెక్చరరు గారికి సినిమా అసలు నచ్చలేదు, అయితే ఆయన కోపమంతా కుక్కల మీద కాదు. చుంచెలుక ఎలుక జాతిదే కాదని మొదలుపెట్టారు. దాని గుండె నిమిషానికి 800 సార్లకు పైగా కొట్టుకుంటుందట. కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుందట. ఒళ్ళు చిన్నది కావడం వల్ల వేడి త్వరగా బయటికి పోతుంది కనుక దానికి అంత ఆకలి. దాన్ని కుక్కంత పెంచితే బరువుకు తగిన లెక్కలో ఆకలి తగ్గాలే గానీ పెరగకూడదు. అంటే ఏ ఆకలి మీద కథ నడుస్తోందో ఆ ఆకలే అక్కడ ఉండదు. మరొకటి కూడా చెప్పారు. సినిమాలో చుంచెలుకల కాటు విషం కావడానికి, వాటికి పెట్టిన మందు వాటి లాలాజలంలో మిగిలిపోయిందని ఒక కారణం కల్పించారు. ఉత్తర అమెరికాలోని పొట్టితోక చుంచెలుక లాలాజలంలో పుట్టుకతోనే విషం ఉంటుంది కనుక ఆ కల్పన అవసరమే లేదట. నిజాన్ని వదిలేసి అబద్ధానికి కష్టపడ్డారని ఆయన బాధ. 

ఇక డబ్బింగ్ చెప్పే విజయక్క గురించి రాయాలి. ఆవిడ మొదటి నుంచీ తెర వైపు కాకుండా స్పీకరు వైపే తిరిగి కూర్చున్నది. చిత్రంలో సగానికి పైగా మనుషులు ఇంట్లో తలుపులు మూసుకుని ఉంటారు. బయటి నుంచి ఆ జంతువుల కిచకిచలు వినిపిస్తూ ఉంటాయి. అది మట్టిగోడల ఇల్లు కనుక అవి తొలుచుకుని లోపలికి వస్తాయి. కళ్ళు మూసుకుని వినమని విజయక్క మమ్మల్నందరినీ ఆజ్ఞాపించింది. విన్నాము. సుధాకర్, ఒళ్ళు జలదరించింది. యూసుఫ్‌గూడ వైపు మెట్రో రైలు వెళ్ళిన చప్పుడుకు కూడా ఇద్దరు ఉలిక్కిపడ్డారు. ఇది పూర్తిగా నీకు అనుకూలమైన సాక్ష్యమే, ఒప్పుకుంటాను. అయితే కళ్ళు తెరిచాక మళ్ళీ కుక్కలను చూసి నవ్విన వాళ్ళే, తరువాతి కిచకిచకు మళ్ళీ భయపడ్డారు. చూపిస్తే భయం చచ్చిపోతుందంటావు కదా, మరి చచ్చింది ఎలా లేచి వచ్చింది?

అసలు ఘట్టం ఇంకొకటి ఉన్నది. లోపలికి చొరబడిన ఒక చుంచెలుక ఒక డాక్టరును కాలి మీద కరుస్తుంది. విషం ఎక్కుతున్నదని తెలిసి అతను టైపురైటరు ముందు కూర్చుని, తన ఒంట్లో ఏమేం జరుగుతున్నదో తరువాతి వారికి పనికివస్తుందని వరుసగా టైపు చేస్తూ చేస్తూనే ప్రాణం వదులుతాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి కూడా ఫోను పక్కన పెట్టాడు. ఆ పాత్ర వేసిన గోర్డన్ మెక్‌లెండన్ ఈ సినిమా నిర్మాణంలో పెట్టుబడిదారు, టెక్సాస్‌లో రేడియో వ్యాపారి; డబ్బు పెట్టిన ఆసామి తెర మీద అంత బుద్ధిగా చచ్చిపోవడం మన కృష్ణానగర్‌లో ఎవరైనా చూశారా? ఇంకో నిర్మాత కెన్ కర్టిస్ తాగుబోతు దుర్మార్గుడి వేషం వేశాడు. శాస్త్రవేత్తగా నటించిన బరూక్ లుమెట్ దర్శకుడు సిడ్నీ లుమెట్ తండ్రి. దర్శకుడు రే కెలాగ్ అంతకు ముందు పెద్ద స్టూడియోలో స్పెషల్ ఎఫెక్ట్స్ చూసినవాడు. పని తెలిసిన మనిషి కుక్కలకు బొచ్చు కప్పాడంటే అది తెలివితక్కువతనం అయి ఉండదని నాకు అనిపిస్తున్నది. ఉన్న డబ్బుకు ఎంత వస్తుందో లెక్క కట్టే...

దీని గురించి మళ్ళీ రాస్తాను, ముందు ముగింపు చెప్పాలి. మిగిలినవాళ్ళు ఖాళీ డ్రమ్ములను జతచేసి, బోర్లించుకుని, లోపల వంగి నడుస్తూ సముద్రం వైపు వెళతారు. చుట్టూ కుక్కలు ఎగురుతూ ఉంటాయి. చౌక సినిమాలో ఇంత మంచి ఊహ నేను చూడలేదు. మరునాడు పొద్దున్నే మా పిల్లలు డాబా మీది నీళ్ళ డ్రమ్మును బోర్లించి, ఇద్దరు లోపల దూరి, గుడ్డిగా గోడ దాకా నడిచారు. మిగిలిన వాళ్ళు చుట్టూ మొరిగారు. గమనించు, ఒక్కడు కూడా చుంచెలుకలా కిచకిచలాడలేదు! వాళ్ళకు అవి కుక్కలని తెలుసు, అయినా డ్రమ్ములో ఉన్నవాడు భయంతో నిజంగానే కేకలు పెట్టాడు. బొచ్చు కింద కుక్క ఉన్నదని తెలిసి కూడా భయపడవచ్చునని ఆ పిల్లవాడిని చూశాక నేను నమ్ముతున్నాను. నువ్వు నన్ను పార్టీ ఫిరాయించాడని తిట్టుకున్నా సరే.

వచ్చే నెల ఏం వేయాలన్న దానిపై తగవు మొదలైంది. ఈ దర్శకుడే తీసి, దీనితో జంటగా విడుదల చేసిన ‘ద జయంట్ గీలా మాన్‌స్టర్’ వేద్దామని నేను అన్నాను. అందులో నిజమైన బల్లినే బొమ్మ కార్ల మధ్య నడిపించి కొండంతగా చూపించారు. బాబాయి ససేమిరా అంటున్నాడు, వేషం కట్టని రాక్షసికి తాను ఓటు వేయడట. విజయక్క మాత్రం నీ ‘క్యాట్ పీపుల్’ సినిమా కావాలంటున్నది, పైగా నిన్నే పిలిపించి మాటలు చెప్పించమంటున్నది. లెక్చరరు గారు అడిగిన ప్రశ్న ఒకటి నీ కోసం ప్రత్యేకంగా దాచాను, అదేమిటంటే...

రికార్డింగ్ వాళ్ళు పంపిన కారు వచ్చేసింది, డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. దారిలోనే పోస్టు డబ్బా ఉన్నది కనుక ఇంతటితో అంటించేస్తున్నాను. బాబాయి కూలి ప్రశ్నకు జవాబు వెంటనే రాయి.

ఇట్లు,
నీ
రఘు